అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి?

ప్రతి ఆగస్టులో మా ఆఫీసులో ఒక విసుగు పని ఉంటుంది. కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు పిల్లల రికార్డులు తెరిచి ఫోన్ నంబర్లు, అడ్రసులు పాతబడ్డాయేమో చూసుకోవాలి. పోయినేడు అదే పని చేస్తూ, ఒక చేత్తో టీ కప్పు, ఇంకో చేత్తో మౌసు పట్టుకుని ఉంటే ఒక అమ్మాయి రికార్డులో ఒక నంబరు దగ్గర నా చెయ్యి ఆగింది. ‘అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి’ అన్న కాలమ్‌లో ఉంది. ఎక్కడో చూసిన నంబరే అనిపించింది. చూడకేం, నా బల్ల మీదున్న ఫోన్‌దే అది. ‘మీకు ఏమవుతారు’ అన్న చోట ‘స్టూడెంట్ సపోర్ట్’ అని రాసి ఉంది.

ఆ ఫోన్ సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా పలుకుతుంది. నేను భోజనానికి వెళ్తే మోగి మోగి ఊరుకుంటుంది. అంటే ఆ అమ్మాయికి ఏ ప్రమాదం జరిగినా ఆఫీసు వేళల్లోనే జరగాలి, అదీ ఒంటిగంటకు కాకుండా.

నేను ఇంగ్లండ్ ఉత్తరాన ఒక యూనివర్సిటీలో స్టూడెంట్ సపోర్ట్ విభాగంలో పనిచేస్తాను. ఎనిమిదేళ్ళయింది. మొదట్లో హార్డ్‌షిప్ ఫండ్ చూసేదాన్ని, అంటే చేతిలో డబ్బు అయిపోయిన పిల్లలకు యూనివర్సిటీ ఇచ్చే సాయం. నాలుగేళ్ళ నుంచి రెండు రకాల విద్యార్థులకు నేను ‘నేమ్డ్ కాంటాక్ట్’ని. వాళ్ళు పది కౌంటర్ల చుట్టూ తిరిగి పదిసార్లు అదే కథ చెప్పుకోకుండా, నేరుగా ఒక మనిషి దగ్గరికి రావచ్చన్నమాట. ఇక్కడ చాలా యూనివర్సిటీల్లో ఈ ఏర్పాటు ఉంది.

మొదటి రకం కేర్‌లో పెరిగినవాళ్ళు. ఇంట్లో పిల్లకు హాని జరుగుతోందనో, చూసుకునే దిక్కు లేదనో స్థానిక కౌన్సిల్ తన బాధ్యతలోకి తీసుకోవడాన్ని ఇక్కడ కేర్ అంటారు. ఆ తర్వాత ఫాస్టర్ కుటుంబంలోనో, చిల్డ్రన్స్ హోమ్‌లోనో, కొన్నిసార్లు బంధువుల దగ్గరో పెరుగుతారు. ఒక్క ఇంగ్లండ్‌లోనే ఇలాంటి పిల్లలు 80 వేల పైచిలుకు. రెండో రకం ఎస్ట్రేంజ్డ్ స్టూడెంట్లు. వీళ్ళకు అమ్మానాన్నలు ఉంటారు. చాలామందికి వాళ్ళు ఏ వీధిలో ఉంటారో కూడా తెలుసు. మాటల్లేవు, రాకపోకల్లేవు, ఇకముందు ఉంటాయన్న ఆశా లేదు.

ఈ రెండో మాటను తెలుగులో చెప్పడం ఇప్పటికీ నాకు చేతకాలేదు. ఒక ఆదివారం ఫోన్‌లో మా అమ్మకు నా ఉద్యోగం గురించి చెప్పబోయాను.

“అనాథ పిల్లలా?”

“కాదమ్మా, తల్లీదండ్రీ ఉన్నారు.”

“మరి వెళ్ళగొట్టారా?”

“కొందరిని వెళ్ళగొట్టారు. కొందరు వాళ్ళే బయటికి వచ్చేశారు.”

“అలిగి వచ్చారన్నమాట. నాలుగు రోజులుంటే వాళ్ళే పోతార్లే.”

అలకకు ఎదురుగా బతిమాలేవాళ్ళు ఒకరుండాలి. వెలి అందామంటే అది ఊరు చేసే పని. తెగతెంపులు అన్న మాట దగ్గరగా వస్తుంది కానీ అందులో పెళ్ళి సంబంధాల వాసన ఉంది. ఇద్దరూ సమానంగా కూర్చుని తెంపుకున్నట్టు వినిపిస్తుంది. పదిహేడేళ్ళ పిల్ల అర్ధరాత్రి ఒక బ్యాగుతో స్నేహితురాలి ఇంటి సోఫా మీదికి చేరడాన్ని తెగతెంపులు అనబుద్ధి కాదు. మా అమ్మకు చివరికి “ఇంటితో తెగిపోయినవాళ్ళు” అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత “అన్నం ఎవరు పెడతారు?” అంది. నిజానికి మా శాఖలో మీటింగులన్నీ ఆ ఒక్క ప్రశ్న మీదే నడుస్తాయి. అడిగే భాష వేరు, అంతే.

ఆగస్టులో ఆ నంబరు చూసిన వారమే మా హెడ్ నన్ను పిలిచి రెండు పేజీల నోట్ రాయమన్నారు. బడ్జెట్ బిగుసుకుంటోంది. ఈ విద్యార్థులకు ఏడాదికి 52 వారాలూ హాస్టల్ గది ఉంచడం అవసరమా, మామూలు పిల్లల్లాగే 42 వారాలు చాలదా అని పైనుంచి ప్రశ్న వచ్చిందట. “నువ్వు చూసింది రాయొద్దు, పరిశోధనలు ఏమంటున్నాయో రాయి” అన్నారు. కాస్త ఉడుక్కున్నాను కానీ, ఆయన చెప్పింది న్యాయమే. నేను చూసింది కన్నీళ్ళు పెట్టించొచ్చేమో గానీ కమిటీలో నిలబడదు. నాలుగు రాత్రులు కూర్చుని చదివాను.

కేర్‌లో పెరిగినవాళ్ళ గురించి ఇక్కడ మొదటి పెద్ద అధ్యయనం సోనియా జాక్సన్ బృందానిది. కేర్ నుంచి యూనివర్సిటీకి చేరినవాళ్ళను వందకు పైగా ఎంచుకుని, కొందరితో చదువు సాగినంతకాలం వెంట ఉండి మాట్లాడారు. ఐదేళ్ళ పని, 2005లో నివేదిక. అప్పటికి కేర్ నుంచి బయటికొచ్చేవాళ్ళలో యూనివర్సిటీ గడప తొక్కుతున్నది సుమారు 1 శాతం. ఈ అధ్యయనం చేయించిన ఫ్రాంక్ బటిల్ ట్రస్ట్ అనే సేవాసంస్థ, మరుసటి ఏడాదే ఈ పిల్లలను సరిగ్గా చూసుకునే యూనివర్సిటీలకు ఒక క్వాలిటీ మార్క్ ఇవ్వడం మొదలుపెట్టింది. నాకు నచ్చిన సంగతి అది. నివేదిక అల్మారాలోకి పోకుండా యూనివర్సిటీ గోడ మీదికెక్కింది. గోడ మీద బోర్డు ఉంటే పిల్లలు వచ్చి “మరి ఏదీ?” అని అడగొచ్చు.

తర్వాత నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది 2017లో నీల్ హారిసన్ చేసిన పని, పేరు మూవింగ్ ఆన్ అప్. ఆయన ప్రభుత్వ రికార్డులను కలిపి చూశారు. అప్పట్లో అందరి నోటా ఉన్న అంకె 6 శాతం: కేర్ వదిలి వచ్చి 19-21 ఏళ్ళ వయసులో ఉన్నవాళ్ళలో పైచదువుల్లో ఉన్నవాళ్ళు. హారిసన్ 23 ఏళ్ళ దాకా ఆగి లెక్కపెడితే అది 12 శాతం అయింది. పిల్లలు మారలేదు, లెక్కపెట్టే రోజు మారింది. స్కూళ్ళు మారుతూ, ఇళ్ళు మారుతూ పెరిగినవాళ్ళు పరీక్షలు మళ్ళీ రాసుకుని, కాలేజీ చుట్టూ తిరిగి ఆలస్యంగా వస్తారు. పద్దెనిమిదికల్లా రావాలని మనం గడియారం పెట్టుకుని నిలబడితే, ఇరవై రెండుకి వచ్చినవాళ్ళు లెక్కలోకే రారు.

ఈ మధ్య ప్రభుత్వ లెక్కల్లో 19 ఏళ్ళకల్లా పైచదువులకు వచ్చినవాళ్ళు వీళ్ళలో వందకు 13, 14 మంది. మిగతా పిల్లల్లో 40కి పైగా. తేడా అలాగే ఉంది.

హారిసన్ ఇంకో అంకె కూడా ఇచ్చారు. నా రెండు పేజీలకు ప్రాణం అదే. మార్కులు, నేపథ్యం ఒకేలా ఉన్నవాళ్ళను పక్కపక్కన పెట్టి చూసినా, కేర్ నుంచి వచ్చినవాళ్ళు మధ్యలో మానేసే అవకాశం సుమారు 38 శాతం ఎక్కువ. దీన్ని మా హెడ్‌కు ఇలా చెప్పాను: స్కూల్లో వెనకబడ్డారు కాబట్టి ఇక్కడ నెగ్గుకు రాలేకపోతున్నారు అని తప్పించుకోవడానికి లేదు. ఆ వెనకబాటు తీసేశాకే ఈ 38 మిగిలింది. మరి ఇది ఎక్కడ పుట్టింది? మా గేటు లోపల.

గేటు లోపల ఏముందో నాకు కొంత తెలుసు. స్టూడెంట్ లోన్ మూడు విడతలుగా వస్తుంది: సెప్టెంబరు, జనవరి, ఏప్రిల్. ఏప్రిల్ డబ్బు పడ్డాక మళ్ళీ సెప్టెంబరు దాకా ఏమీ లేదు. అంటే వేసవి సెలవులకు ఇల్లు ఉంటుందని, ఆ ఇంట్లో ఫ్రిజ్ ఉంటుందని, దాన్ని ఇంకెవరో నింపుతారని అనుకుని ఆ తేదీలు పెట్టారు. డిగ్రీ చదివేవాళ్ళకు సెలవుల్లో కూడా మామూలుగా యూనివర్సల్ క్రెడిట్, అంటే ప్రభుత్వం ఇచ్చే జీవనభృతి, రాదు. హాస్టల్ గది జూన్‌లో ఖాళీ చేయమంటారు. జూన్ రెండో వారంలో సూట్‌కేసు ఎక్కడ పెట్టుకోవాలి అన్నది పరీక్షల కన్నా పెద్ద టెన్షన్ అని ఒక అబ్బాయి నాతో అన్నాడు. వాడు గణితం విద్యార్థి. ఒక ఎండాకాలంలో ఆరుగురి ఇళ్ళలో ఉన్నాడు. ఎవరింట్లోనూ పదిరోజులు దాటకూడదని లెక్క పెట్టుకున్నాడు. పదకొండో రోజున వంటగదిలో మాటల తీరు మారుతుందట.

రెండో సంవత్సరం బయట ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే గ్యారంటర్ కావాలి. మన మాటల్లో ష్యూరిటీ సంతకం. బ్రిటన్‌లో ఉండే, సంపాదన ఉన్న పెద్ద మనిషి ఎవరైనా పెట్టాలి. మిగతా పిల్లలకు అది నాన్నకు వాట్సాప్‌లో పంపే కాగితం. ఇది లేనివాళ్ళను ఆరు నెలల అద్దె ముందే కట్టమనేవారు. కొన్ని యూనివర్సిటీలు తామే గ్యారంటర్‌గా నిలబడతాయి. మాది ఇంకా ఆలోచిస్తోంది. నేను చేరినప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉంది.

ఇక్కడే ఆ రెండు రకాల పిల్లల దారులు విడిపోతాయి. చదివేటప్పుడు నాకు కోపం వచ్చింది కూడా ఇక్కడే. కేర్ నుంచి వచ్చినవాళ్ళకు చట్టం ఉంది. కౌన్సిల్‌ను ‘కార్పొరేట్ పేరెంట్’ అంటారు, వినడానికి సిమెంటు కంపెనీలా ఉన్నా అందులో పేరెంట్ అన్న మాట ఉంది. ఇంగ్లండ్‌లో కేర్ లీవర్ అన్న హోదా ఉన్నవాళ్ళకు 25 ఏళ్ళ దాకా పర్సనల్ అడ్వైజర్ ఉంటారు. పైచదువులకు వస్తే కౌన్సిల్ 2,000 పౌండ్ల బర్సరీ, అంటే ఉపకారవేతనం, ఇవ్వాలి. సెలవుల్లో ఉండడానికి చోటు అవసరమైతే అదీ చూడాలి. స్కాట్లాండ్ ఇంకా ముందుకెళ్ళింది. అక్కడ చిన్నప్పుడు ఏ వయసులో కేర్‌లో ఉన్నా లెక్కలోకి తీసుకుంటారు, తిరిగి కట్టక్కర్లేని బర్సరీ ఉంది, 2020-21 నుంచి దానికి వయసు పరిమితి కూడా తీసేశారు. కనీస అర్హత మార్కులు ఉంటే సీటు ఖాయమని అక్కడి యూనివర్సిటీలు 2019లో మాటిచ్చాయి.

ఇంగ్లండ్‌లో ఇంటితో తెగిపోయినవాళ్ళకు ఇందులో ఏదీ లేదు. పదిహేనేళ్ళప్పుడు టీచర్ గమనించి సోషల్ వర్కర్‌ను పిలిచి ఉంటే ఆ పిల్లకు ఇవన్నీ వచ్చేవేమో. ఎవరూ గమనించలేదు. లేదా ఆ పిల్లే తమ్ముడి కోసమని పళ్ళ బిగువున పద్దెనిమిది దాకా ఓర్చుకుంది. ఓర్చుకున్నందుకు చట్టం దృష్టిలో ఆమెకు ఏమీ జరగలేదు. వీళ్ళను లెక్కపెట్టడం కూడా ఆలస్యంగానే మొదలైంది. యూనివర్సిటీ దరఖాస్తులన్నీ తీసుకునే యూకాస్ ‘కేర్‌లో ఉన్నారా’ అని 2008 ప్రవేశాల నుంచే అడుగుతోంది. ‘ఎస్ట్రేంజ్డ్‌గా ఉన్నారా’ అన్న ప్రశ్న 2023 ప్రవేశాలకు గానీ రాలేదు. మధ్యలో ఆ పని భుజాన వేసుకున్నది స్టాండ్ అలోన్ అనే చిన్న సంస్థ. యూనైట్ ఫౌండేషన్ అనే ఇంకో సేవాసంస్థతో కలిసి 2015లో ఈ విద్యార్థుల మీద నివేదిక తెచ్చింది. డబ్బు, వసతి, మానసిక ఆరోగ్యం, చేరేటప్పటి సాయం అన్న నాలుగు విషయాల్లో యూనివర్సిటీల చేత మాట తీసుకుని పేర్లు బయటపెట్టింది. ఇప్పుడు స్టాండ్ అలోన్ మూతపడింది. యూనైట్ ఫౌండేషన్ మాత్రం ఈ రెండు రకాల పిల్లలకూ కొందరికి మూడేళ్ళ దాకా, ఏడాది పొడవునా ఉచితంగా గది ఇస్తోంది. నా 52 వారాల వాదనకు అదే పెద్ద ఊతం అయింది.

లోన్ విషయంలో ఎస్ట్రేంజ్డ్ అన్న మాటకు ఒక విలువ ఉంది, పౌండ్లలోనే. 2025-26 లెక్క ప్రకారం ఇంగ్లండ్‌లో, లండన్ బయట, ఇంటికి దూరంగా ఉండి చదివేవాళ్ళకు గరిష్ఠ మెయింటెనెన్స్ లోన్ (ఉండడానికి, తిండికి ఇచ్చే అప్పు) 10,544 పౌండ్లు. అమ్మానాన్నల ఆదాయం వివరాలు ఇవ్వకపోతే వచ్చేది 4,915. ఇంటితో సంబంధం లేదని రుజువైతే ‘ఇండిపెండెంట్’గా లెక్కగట్టి గరిష్ఠం దాకా ఇస్తారు. అంటే ఏడాదికి 5,629 పౌండ్ల కాగితం అది.

రుజువు ఏమిటి? లేనిదాన్ని రుజువు చేయాలి. తల్లీ తండ్రీ ఇద్దరితోనూ మామూలుగా 12 నెలలు మాటల్లేకుండా ఉండాలి, అది మళ్ళీ అతుక్కునేది కాదని తెలియాలి. టీచరో, డాక్టరో, సోషల్ వర్కరో తమకు తెలిసిందని ఉత్తరం రాయాలి. ఎవరికీ చెప్పుకోకుండా నెట్టుకొచ్చిన పిల్లలకు ఆ ఉత్తరం ఎవరు రాస్తారు? 2018లో, ఈ లోన్లు ఇచ్చే ప్రభుత్వ సంస్థ స్టూడెంట్ లోన్స్ కంపెనీ ఇలాంటి కొందరు విద్యార్థుల సోషల్ మీడియా పోస్టులు వెతికి చూసిందని పేపర్లలో వచ్చింది, మోసం జరుగుతోందేమో తేల్చడానికట. ఆ వార్త వచ్చి ఇన్నేళ్ళయినా, నా దగ్గరికి వచ్చే పిల్లలు పుట్టినరోజు మెసేజ్‌కు జవాబివ్వాలంటే ఆలోచిస్తారు. పన్నెండు నెలల గడియారం మళ్ళీ సున్నాకు వెళ్తుందేమోనని భయం. ఒక అమ్మాయి ఫోన్ నా ముందు పెట్టి, “వాళ్ళమ్మ” పంపిన ఎర్ర గుండె బొమ్మ చూపించి, దీనికి లైక్ కొడితే లోన్ పోతుందా అని అడిగింది. తన తల్లినే “వాళ్ళమ్మ” అంది, తమ్ముడి వైపు నుంచి లెక్కేసి.

ఈ ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు ఆ అమ్మాయి దగ్గరే. దాన్ని ఎక్కడా రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఆమెది దక్షిణాసియా కుటుంబం, ఇక్కడే పుట్టి పెరిగింది. పెళ్ళికి ఒప్పుకోనందుకు మొదలైన గొడవ. మొదటిసారి నన్ను చూడగానే “ఆంటీ” అంది. ఈ ఆఫీసులో నన్ను అలా ఎవరూ పిలవరు. ఆ పిలుపుకు కరిగిపోయాను. అరగంట విన్నాక, టిష్యూ డబ్బా జరిపాక, నా నోట్లోంచి వచ్చిన మాట: “ఎంతైనా అమ్మానాన్నలు కదా, ఒకసారి మాట్లాడి చూడకూడదా?” ట్రెయినింగ్‌లో అనకూడదని చెప్పిన మొదటి మాట అది. నేను అననక్కర్లేకుండానే అదొచ్చేసింది, ఏ పెళ్ళి పందిట్లోనో ఎవరి నోటో విని దాచుకున్న మాట. ఆమె ఏమీ అనలేదు. బ్యాగు సర్దుకుంది, థాంక్స్ చెప్పింది, నా పేరు పెట్టి. తర్వాతి అపాయింట్‌మెంట్ నా సహోద్యోగి దగ్గర తీసుకుంది. గుండె బొమ్మ చూపించడానికి మళ్ళీ నా దగ్గరికి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆంటీ మాత్రం మళ్ళీ రాలేదు.

ఇక్కడ బలవంతపు పెళ్ళి 2014 నుంచి నేరం. ఇంగ్లండ్, వేల్స్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 18 ఏళ్ళ లోపు పెళ్ళే కుదరదు. చట్టం స్పష్టంగానే ఉంది. నాలో ఉన్నదానికి చట్టంతో పనిలేదు.

ఇంకొకామె సంగతి చెప్పాలి. ఏ పరిశోధనలోనూ ఈమె నాకు కనిపించలేదు. మన తెలుగమ్మాయి, మాస్టర్స్‌కు వచ్చింది. తలుపు మీద నా పేరు చూసి వెనక్కి తిరగబోయిందట, తర్వాత చెప్పింది. లోపలికి వచ్చి కూర్చోకుండానే “మీది ఏ ఊరక్కా?” అంది. మామూలుగా ఆ ప్రశ్నకు నేను ఉత్సాహంగా జవాబు చెప్తాను. ఆ రోజు ఆమె ముఖం చూసి అర్థమైంది, నేను తన వాళ్ళకు ఎంత దూరంలో ఉన్నానో కొలుచుకుంటోందని. చెప్పాను. మా జిల్లా పేరు విన్నాక కుర్చీ లాక్కుంది. ఇంట్లో చెప్పిన సంబంధం వద్దంది. రెండో టర్మ్ ఫీజు ఆగిపోయింది, ఫోన్లు ఆగిపోయాయి. ఈమె ఏ లెక్కలోకీ రాదు. విదేశీ విద్యార్థికి ఇక్కడి లోన్ లేదు, వీసా మీద ప్రభుత్వ సాయం తీసుకోకూడదు, చదువు రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఇంటితో తెగిపోయిందని రుజువు చేసుకున్నా ఆ కాగితం తీసుకునే కౌంటర్ లేదు. హార్డ్‌షిప్ ఫండ్ నుంచి కొంత ఇప్పించగలిగాను, ఫీజు వాయిదాలు మార్పించాను. వెళ్తూ “అక్కా, మా ఇంటికి ఎవరూ ఫోన్ చేయరు కదా” అని మూడోసారి అడిగింది. ఆ రోజు నుంచి నా అలవాటు ఒకటి మారింది. ఎవరైనా తెలుగువాళ్ళు వస్తే ఊరు నేను అడగను.

పరిశోధనల మీద నాకున్న ఫిర్యాదులు కూడా కొన్ని నోట్‌లో రాసి, తర్వాత కొట్టేశాను. మాట్లాడేది ఎప్పుడూ మిగిలినవాళ్ళే. నవంబరులో గది ఖాళీ చేసి వెళ్ళిపోయిన పిల్లవాడిని ఏ ఇంటర్వ్యూ పట్టుకుంటుంది? ఫారంలో టిక్ పెట్టనివాళ్ళను ఎవరు లెక్కపెడతారు? ‘కేర్’ అన్న చోట టిక్ పెడితే సీటు రాదని నమ్మి పెట్టని పిల్లలను నేనే చూశాను. ఇక రెజిలియన్స్ అన్న మాట. ప్రతి రెండో పేజీలో అది ఉంది. ఎంత తట్టుకున్నారో, ఎంత గట్టివాళ్ళో అని. పదకొండో రోజు లెక్కపెట్టుకునే అబ్బాయికి ఈ మాట చెప్తే “నాకు గట్టిదనం వద్దు, తాళంచెవి కావాలి” అన్నాడు. ఇది కూడా నోట్‌లో పెట్టలేదు. పెట్టాల్సింది.

క్రిస్మస్ గురించి మాత్రం రాశాను. 24 నుంచి కొత్త సంవత్సరం దాకా మా క్యాంపస్ మొత్తం మూసేస్తారు: క్యాంటీన్, లైబ్రరీ, నా ఫోన్. గదిలో ఉండిపోయిన ఒక కుర్రాడు రాత్రి కిటికీలోంచి ఎదురు బ్లాకులో వెలిగే లైట్లు లెక్కపెట్టేవాడట. ఏడు. ఎవరివో తెలియదు. నాకు తెలుసు, నా జాబితాలో ఉన్నాయి ఆ గదులు. కానీ ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పడానికి డేటా ప్రొటెక్షన్ ఒప్పుకోదు. కిందటి డిసెంబరులో అందరికీ విడివిడిగా ఒకే మెయిల్ పంపాను: 27న మధ్యాహ్నం రెండింటికి కింద కామన్ కిచెన్ తాళం తీసి ఉంటుంది, వండుకోవచ్చు. నలుగురు వచ్చారట. సెక్యూరిటీ గార్డు చెప్పాడు. ఐదో గిన్నెలో ఆయనకూ పెట్టారట.

నోట్ కమిటీకి వెళ్ళింది. 52 వారాలు ఉంచారు, మూడేళ్ళకు. 38 శాతం అన్న వాక్యం కింద ఎవరో పెన్సిల్‌తో గీత గీసి పంపారు. గ్యారంటర్ సంగతి ఇంకో కమిటీకి పంపించారు. నేను ఆఖర్న చిన్న పేరాలో అడిగింది కూడా ఒప్పుకున్నారు: అత్యవసర కాలమ్‌లో ‘తల్లి/తండ్రి/సంరక్షకులు’ అన్న జాబితా తీసేసి ‘మీకు ఏదైనా అయితే ఎవరికి చెప్పమంటారు’ అని పెట్టాలి, ఖాళీగా వదిలేయాలనుకుంటే వదిలేయనివ్వాలి.

మొదటి సగం సెప్టెంబరులో మార్చారు. రెండో సగం దగ్గర సిస్టం మొండికేసింది. ఖాళీగా వదిలి సబ్మిట్ నొక్కితే ఎర్ర అక్షరాల్లో ‘ఈ వివరం తప్పనిసరి’ అని వస్తోంది. ఐటీ వాళ్ళకు టికెట్ పెట్టాను. రెండుసార్లు గుర్తు చేశాను. మూడోసారి ఒకాయన ఫోన్ చేసి, ఆ కాలమ్ ఖాళీగా ఎవరు వదులుతారు మేడమ్ అని అడిగారు.

ప్రస్తుతానికి అందులో నా నంబరు వేసుకోమనే చెప్తున్నాను. ఈసారి ఆఫీసుది కాదు, సెల్ నంబరు. మా హెడ్‌కు ఇంకా చెప్పలేదు.